పాత కీబోర్డా? కొత్త కీబోర్డా?

ఇంటిలో నొక పాత వస్తువుండగా కొత్తది కొనవలసి వచ్చినపుడు గృహిణికి గలుగు సంశయము మీ రెరుగనిది కాదు. గిన్నె యైనచో చిల్లి చూచి నిర్ణయింపవచ్చును. చీర యైనచో చేతితో తడిమి నిర్ణయింపవచ్చును. కాని ధ్వని విషయమున నేమి చేయుదుము? అంగడివాని మాటయే మనకు ప్రమాణమగుచున్నది. “ఇందులో 600 ధ్వనులు కల”వని యతడనగానే మన పాతదానిలోని 12 ధ్వనులు మనకే చిన్నతనముగా దోచును. లెక్క వేరు, నాదము వేరు అను సంగతి యా సమయమున జ్ఞప్తికి రాదు. మా పొరుగింట జరిగిన యొక చిన్న వ్యవహారము మూలమున నేనీ సంగతి నేర్చుకొంటిని. మీ యిండ్లలోను బాలికలు కీబోర్డు నేర్చుకొనుచుందురు గావున మీకు మనవి చేయుచున్నాను.

మాది కోనసీమలో రాజోలు ప్రాంతమందలి యొక గ్రామము. ఒక వంక వసిష్ఠ, ఒక వంక వైనతేయ, నడుమ కొబ్బరితోటలు. సంగీతము మా సీమకు కొత్త కాదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు 1930వ సంవత్సరము జూలై 6వ తేదీన జన్మించిన శంకరగుప్తము పూర్వపు రాజోలు తాలూకాలోనిదే. చించినాడ వంతెన దాటి యావలి యొడ్డునకు బోయినచో పాలకొల్లు వచ్చును. విద్యుత్తుతో పలుకు మండొలినుపై కర్ణాటక సంగీతము వినిపించి లోకమును మెప్పించిన ఉప్పలపు శ్రీనివాసుగారు 1969లో జన్మించినది యచ్చటనే.

మా పొరుగింటి యక్కగారు 1980 దాటిన పిమ్మట ఇంటిపనికై కువైటునకు వెళ్లెను. మా సీమనుండి యిట్లు గల్ఫు దేశములకు వెళ్లి, పరుల పిల్లలను బెంచి, తమ పిల్లలకు డబ్బు పంపిన తల్లు లెందరో కలరు. 1989లో సెలవుపై వచ్చినపు డామె తన కుమార్తె కొరకు 49 మెట్లు గల యొక చిన్న జపాను కీబోర్డు తెచ్చెను. మరుసటి సంవత్సరము ఆగస్టు 2వ తేదీన ఇరాకు సేనలు కువైటులో బ్రవేశించెను. అచ్చటి మన దేశీయులు సుమారు 1,70,000 మందిని అమ్మాను నగరము మీదుగా విమానములలో దెచ్చిరి గదా. అక్కగారును వారిలో నొకతెయై కట్టుబట్టలతో నిల్లు చేరెను. రావలసిన జీత మచ్చటనే నిలిచిపోయెను. ఆమె పరదేశపు కష్టార్జితములో నింట మిగిలినది యా కీబోర్డొక్కటియే. 1996వ సంవత్సరము నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన పెనుతుపానులో నింటి పెంకులెగిరిపోయినను, దుప్పటిలో జుట్టి భోషాణములో నుంచిన యా వాద్యము తడియక దక్కెను.

ఇప్పుడామె మనుమరాలు పదునాలుగేండ్ల బాలిక. ఆదివారమునాడు చర్చిలో స్త్రీలు పాడు కీర్తనలకు నా పాత కీబోర్డునే వాయించుచున్నది. అమలాపురములో నొక యంగడిలో కొత్త కీబోర్డు జూచి వచ్చి, “అమ్మమ్మా, మనది బొమ్మలాగా మోగుతుంది. పాతది ఇస్తే ఐదువందలు తగ్గిస్తానన్నారు” అని చెప్పెను. అక్కగా రా రోజున మనుమరాలికి బదులు చెప్పలేదు. సాయంకాలము నా వద్దకు వచ్చి మెల్లగా నిట్లనెను: “నువ్వు చదువుకున్నదానివి, చెప్పు చెల్లెమ్మా. అది నిజంగా పనికిరాకుండా పోయిందా? పాతదని పిల్లకి అలా అనిపిస్తోందా?”

ఆ ప్రశ్నకు నా వద్ద సమాధానము లేదు. కొత్తపేటలో పిల్లలకు సంగీతము చెప్పు నొక యుపాధ్యాయురాలు నాకు పరిచితురాలు. ఆమె తన కొత్త కీబోర్డును దీసికొని యొక శనివారము మా యింటికి వచ్చెను. రెండు వాద్యములను లోపలి గదిలో బెట్టి, తలుపు మూసి, మేమైదుగురము స్త్రీలము వీథి యరుగుపై గూర్చుంటిమి. బాలిక యొకే పాటను రెండింటిపై మార్చి మార్చి వాయించవలెను. ఏది యేదో మాకు జెప్పరాదు. కంటికి గనబడకుండ చెవియే న్యాయము చెప్పవలె నని యుపాధ్యాయురాలి యుద్దేశము.

ధ్వనిలో హల్లును, అచ్చును

పరీక్షకు ముందామె మాకొక చక్కని సంగతి చెప్పెను. “క” అను నక్షరము పలుకునపుడు కకారపు తాకిడి క్షణమాత్రము. పిమ్మట సాగునది యకారము. వాద్యధ్వనికిని ఇట్టి రెండు భాగములు గలవు. వీణతంత్రిని వ్రేలు మీటిన తాకిడి హల్లు. పిదప మ్రోగు నాదము అచ్చు. వేణువునం దూపిరి తగిలిన క్షణము హల్లు. నిలిచిన నాదము అచ్చు. ఇది మా యుపాధ్యాయురాలు కల్పించిన యుపమానము కాదు. 1980లో కాసియోవారు తమ మొదటి కీబోర్డగు కాసియోటోన్ 201ను వెలువరించినపుడు, ఆరంభపు తాకిడికొక తరంగమును, సాగు నాదమునకొక తరంగమును గూర్చి వాద్యధ్వనుల ననుకరించిరి. ఆ పద్ధతిని హల్లు-అచ్చుల పద్ధతి యనియే వారు వ్యవహరించిరి.

ఆ కాలమున ధ్వనిని దాచియుంచు మెమరీ చిప్పులు మిక్కిలి ఖరీదు. నిజమైన పియానోను వినిపించి దాచుకొనుటకు చిన్న వాద్యములలో చోటు లేదు. కావున ధ్వనిని లెక్కలచేత బుట్టించెడివారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున జాన్ చౌనింగుగారు 1967లో నొక తరంగముచే మరియొక తరంగమును వణకించి కొత్త ధ్వనులు పుట్టించు మార్గము గనిపెట్టిరి. దాని నాధారము చేసికొని యమాహావారు 1983లో డీఎక్స్7 అను ప్రసిద్ధ వాద్యమును దెచ్చిరి. గంటల నాదము, గాజువలె మెరయు పియానో నాదము దానిలో బహు రమ్యముగా బలికెను.

నేటి కీబోర్డుల పద్ధతి వేరు. నిజమైన వాద్యమును వాయించి, ఆ ధ్వనిని రికార్డు చేసి చిప్పులో నుంతురు. మెట్టు నొక్కగానే యా రికార్డే పలుకును. సీడీల ప్రమాణమున సెకనుకు 44,100 మారులు ధ్వనిని గొలిచి, ఒక్కొక్క కొలతను 65,536 అంతరువులలో నొకదానిగా గుర్తింతురు. పాత చిన్న కీబోర్డులలో గొన్నిటియందు 256 అంతరువులే యుండెడివి. చుక్కలు దూరదూరముగా బెట్టిన ముగ్గులో వంపులు మొరటుగా నుండి, దగ్గరగా బెట్టిన ముగ్గులో నున్నగా వచ్చుట మనకు దెలిసినదే గదా. ఇదియు నట్టిదే.

చెవులు చెప్పిన తీర్పు

మొదట పియానో ధ్వనిని వినిపించిరి. ఇందులో వాదమే లేకపోయెను. పియానోలో సుత్తి తంత్రిని గొట్టు హల్లు ముఖ్యము. పిదప నాదము క్షణక్షణము మారుచు తగ్గిపోవును. పాత కీబోర్డు టక్కుమని, ఒకే తీరున మ్రోగి, చప్పున చల్లారెను. కొత్తది నిండుగా బలికెను. అందరము కొత్తదానినే మెచ్చితిమి. అక్కగారును తల యూపెను గాని యామె ముఖము చిన్నబోవుట నేను గమనించితిని.

పిమ్మట వేణువు, ఆర్గను ధ్వనులు. ఇచ్చట మాలో నభిప్రాయభేదము గలిగెను. ఒక వేణునాదము ఊపిరి చప్పుడుతో సహా నిజమైన వేణువును దలపించెను. రెండవది యంత నిజము కాదు. కాని నిశ్చలముగా, మృదువుగా, పాడుకొనుటకు దోడుగా నుండెను. మాలో ముగ్గుర మా రెండవదే మేలంటిమి. తలుపు తీసి చూడగా నది పాత కీబోర్డు! ఉపాధ్యాయురాలు నవ్వి కారణము చెప్పెను. వేణువునకును, ఆర్గనునకును సాగు నాదమే ప్రధానము. పాత వాద్యము హల్లులు సరిగా బలుకలేదు గాని యచ్చులు చక్కగా బలుకును. రికార్డు చేసిన వేణువులో వాయించినవాని యూపిరియు, వణకుడును గూడ జేరియుండును. పాడువారి గొంతుక కది యొక్కొక్కప్పు డడ్డు తగులును. పాతది వట్టి నాదము మాత్రమే యిచ్చి గొంతుకకు జోటు విడుచును.

మూడవది శ్రుతి పరీక్ష. బాలిక యెడమచేతితో షడ్జము, పంచమము, పై షడ్జము అదిమిపట్టి, తాళపు మీట వేసి, కుడిచేతితో పాట వాయించెను. పాత వాద్య మొక్కసారికి 8 స్వరములకు మించి పలుకలేదు. తాళమును, దానితో వచ్చు తోడుస్వరములును నాలుగింటిని దీసికొనగా చేతులకు మిగులునవి నాలుగే. శ్రుతికి మూడు పోగా పాట కొక్కటి. రెండు స్వరములు కలిసి పలికినంతనే శ్రుతిలో నొకటి తెగిపోవుచుండెను. “చర్చిలో పాట మధ్యలో శ్రుతి జారినట్టుంటుందే, అది ఇదేనా!” అని యొక యావిడ యాశ్చర్యపడెను. ఇన్నాళ్లును తప్పు బాలిక చేతిదని పెద్ద లామెను మందలించుచుండిరట! కొత్తది 48 స్వరముల నొక్కసారి పలుకునది యగుటచే నట్టి లోపము లేదు. ఇచ్చట కొత్తదానిదే గెలుపు.

నాలుగవది వ్రేలి బలము. పాతదానిలో మెల్లగా నొక్కినను గట్టిగా నొక్కినను ధ్వని యొక్కటే. కొత్తదానిలో మెల్లగా నొక్కిన మెల్లగా, గట్టిగా నొక్కిన గట్టిగా బలుకును. లాలిపాటకును, పెండ్లిపాటకును భేదము జూపవలెనన్న నీ గుణ మవసరము.

అయిదవ పరీక్షయే నాకు మిక్కిలి జ్ఞానము గలిగించినది. రెండు వాద్యములకును హెడ్‌ఫోను పెట్టు రంధ్రము గలదు. ఉపాధ్యాయురా లొక తీగతో రెండింటిని వంతున నొకే పెద్ద స్పీకరునకు దగిలించెను. అంతవరకు బొమ్మవలె మ్రోగిన పాత వాద్యము పెద్దమనిషివలె మాటలాడెను! మనము పాత ధ్వని యని నిందించుదానిలో బెద్దభాగము దాని చిన్న స్పీకరు దోషమే. అరచేతి వెడల్పైన లేని స్పీకరు మంద్రస్వరములను బలుకజాలదు. అయితే సత్యము దాచరాదు. పెద్ద స్పీకరులో పాతదాని లోపలి సన్నని బుసచప్పుడును, పియానో ధ్వనిలోని మొరటుదనమును గూడ స్పష్టముగా వినబడినవి. మంచి అద్దము అందమును జూపును, మచ్చను జూపును.

రెండింటికిని లేనిది

కడపట వీణ. కొత్తదానిలో మొదటి మీటు వినగానే “ఆహా, వీణే!” యంటిమి. కాని పాట సాగినకొలది ప్రాణము పోయినట్లు దోచెను. కారణము గమకము లేకుండుట. మన సంగీతమున స్వరము నిలిచియుండునది కాదు. ఊగును, జారును, పై స్వరమును దాకి వచ్చును. మెట్ల వాద్యములో నొక మెట్టునకును మరియొక మెట్టునకును నడుమ దారి లేదు. అంతియేకాదు. కీబోర్డులో స్థాయిని 12 సమభాగములుగా బంచియుందురు. ఒక మెట్టునకును పక్క మెట్టునకును గల దూరమును 100 పాళ్లనుకొన్నచో, తంబురానాదములో సహజముగా వినబడు అంతరగాంధారముకంటె కీబోర్డు గాంధారము సుమారు 14 పాళ్లు హెచ్చు. పంచమము మాత్రము 2 పాళ్లే తక్కువ. ఈ దోషము పాతదానిలోను గలదు, కొత్తదానిలోను గలదు.

ఇట్టి కారణములచేతనే 1940లో ఆలిండియా రేడియోవారు హార్మోనియమును బహిష్కరించిరి. 1971 వరకు నా కట్టుబాటు సడలలేదు. కాని లోపము విద్యుత్తుది కాదు, పరదేశమునుండి వచ్చుటయు లోపము కాదు. శ్రీనివాసుగారి మండొలిను విద్యుత్తుతో బలికినదే, పరదేశపుదే. తంత్రి యుండుటచే వ్రేలితో లాగి గమకము బలికించిరి. లోపము మెట్లది. నేటి కీబోర్డులలో ననేకమునకు స్వరమును వంచు చక్రమొకటి యెడమప్రక్క నుండును. చెన్నపట్టణమున కె. సత్యనారాయణన్‌గారు కీబోర్డుపై కర్ణాటక సంగీత కచేరీలు చేయుచున్నారు. అట్టి నేర్పు సాధనచే వచ్చునుగాని వాద్యముతో పాటు పెట్టెలో రాదు.

“ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు” అను గ్రంథమున కీర్తనలకు రాగతాళముల పేర్లు వ్రాసియుండుట మీలో ననేకు లెరుగుదురు. భజనగీతములైనను, మంగళహారతులైనను అంతియే. కావున నుపాధ్యాయురాలు బాలికకు జేసిన బోధ యిది: పాడువారి గమకమును మెట్లపై వెంబడింపబోవద్దు. శ్రుతి నిలుపుము, తాళము నిలుపుము, పల్లవి యెత్తుకొను స్వర మందిమ్ము. పాటను గొంతుకలకు విడిచిపెట్టుము. అట్లు చేసినచో పాత వాద్యమైనను దోషము గనబడదు.

కొనబోవువారికి నాలుగు మాటలు

అంగడిలో 600 ధ్వనులను వినగోరకుడు. మీ యింట బాడు నొక్క పాటను, ఒకటి రెండు ధ్వనులతో వాయింపించి వినుడు. ఎడమచేత శ్రుతి యదిమి, తాళము వేయించి, స్వరములు తెగుచున్నవేమో గమనింపుడు. మెల్లగా, గట్టిగా నొక్కింపుడు. స్త్రీలు సాధారణముగా అయిదు, అయిదున్నర శ్రుతులలో బాడుదురు గావున శ్రుతిని మార్చు మీట యున్నదో లేదో చూడుడు. అంగడి గదిలో నే వాద్యమైనను గంభీరముగా మ్రోగును. వీలైనచో మన యింటివంటి చిన్న గదిలో వినుడు.

పాతది యింట నున్నవారు దానిని విసర్జింపకముందు దాని వెనుకవైపు చూడుడు. అయిదు సూదిరంధ్రములు గల గుండ్రని సాకెట్టున్నచో నది మిడి యను నేర్పాటు. 1983లో వాద్యముల కంపెనీలవారు కలిసి యేర్పరచుకొన్న యా యొడంబడిక నేటికిని నడచుచున్నది. తగిన తీగ గొని కంప్యూటరునకు దగిలించినచో పాత మెట్లు నొక్కగా కొత్త ధ్వనులు పలుకును. అక్కగారి వాద్యమున కా సాకెట్టు లేదు, మీ దానికుండవచ్చును.

మా కోనసీమ గాలిలో నెల్లపుడు తడి యుండును. మెట్ల క్రింద రబ్బరు బొడిపెలును, వానికి నల్లని కార్బను బిళ్లలును గలవు. తడియు దుమ్మును జేరి గొన్ని మెట్లు మూగవోవును. అంతమాత్రమున వాద్యము చెడినదనుకొనరాదు. తెలిసిన మెకానిక్కు విప్పి తుడిచిన తిరిగి పలుకును. వాడనపుడు బ్యాటరీలు లోపల నుంచకుడు; అవి కారి లోపలి రేకులను దినివేయును. అడాప్టరు మార్చవలసినచో వోల్టులును, ధన ఋణముల గుర్తును సరిచూచి కొనుడు. గుర్తు తారుమారైనచో వాద్యమునకే ముప్పు. కొబ్బరినూనె చేతులతో మెట్లు ముట్టవద్దని పిల్లలకు జెప్పుడు.

అక్కగారి తీర్పు

పరీక్షలు ముగిసి కాఫీలు త్రాగుచుండగా, అక్కగారేమి చెప్పునో యని యందరము చూచుచుంటిమి. బాలిక తల వంచుకొని కూర్చుండెను. ఆమెకును దన మాట యమ్మమ్మ మనస్సు నొప్పించినదని తెలిసినట్లున్నది.

అక్కగా రిట్లనెను: “పియానోలో ఓడిపోయింది, శ్రుతిలో ఓడిపోయింది. నేను విన్నాను, కాదనను. పిల్లని చర్చిలో ఊరికే తిట్టించాం ఇన్నాళ్లూ, అది నా తప్పు. కొత్తది కొందాం. వచ్చే దింపు డబ్బు దానికే. కానీ దీన్ని ఐదువందలకి ఇవ్వను. వేణువు పలికినప్పుడు మీరే మెచ్చుకున్నారు కదా!”

బాలిక లేచి వచ్చి, “నేనూ అదే మెచ్చుకున్నాను అమ్మమ్మా. లోపల వాయించింది నేనే గదా” అనెను.

ఆ దింపు కొబ్బరికాయలు మంచి ధరకే పోయినవి. ఇప్పుడు కొత్త కీబోర్డు చర్చికి వెళ్లుచున్నది. శ్రుతి తెగుట లేదు. బాలికను మందలించువారును లేరు. పాతదానిని మెకానిక్కుచేత శుభ్రపరచి, మూగవోయిన మూడు మెట్లను బాగుచేయించిరి. సాయంకాలము దీపాలవేళ అక్కగారు దాని వేణునాదము మీద షడ్జ పంచమముల నదిమి, తనకు వచ్చిన పాటలు పాడుకొనుచుండును. గోడ కీవల నాకు వినబడుచుండును. అది నిజమైన వేణువు కాదని నాకు దెలియును. అయినను వినసొంపుగానే యున్నది.

సోదరీమణులారా! పాతదంతయు మేలనుట మూఢత్వము. కొత్తదంతయు మేలనుట తొందరపాటు. వాద్యముల మంచిచెడ్డలు చెప్పవలసినది వానిపై నంటించిన కాగితము కాదు, మన చెవి. ఈ పరీక్షకు జదువక్కరలేదు, ఖర్చక్కరలేదు. ఒక యరుగు, ఒక మూసిన తలుపు, నలుగురు పొరుగువారు చాలును. మీ యిండ్లలో నట్టి సంశయము గలిగినపు డిట్లే చేసి చూడుడని నా మనవి.